‘సంబంధం’ అన్న గడిలో

కాజాల గది నుంచి,
బుధవారం, భోజనాల వేళ.

చెల్లీ,

అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇరవయ్యేళ్ళుగా కాజాలు కుడుతూ ఒక్క చొక్కా కూడా పాడుచెయ్యలేదని మా మేస్త్రీ కొత్తవాళ్ళకి నన్ను చూపించి చెబుతుంటాడు. ఇవాళ పొద్దున్నించి మూడు పాడుచేశాను. ఒకదానికి బొత్తాల పట్టీ వదిలేసి జేబు మీద కాజా తీశాను. మేస్త్రీ తిట్టలేదు. ఒంట్లో బాగోలేదా అని అడిగాడు, అది ఇంకా భయంగా ఉంది.

నిన్న సాయంత్రం ఒక కవరు వచ్చింది. మన పాత ఇంటి చిరునామా మీద గీత కొట్టి, పక్కన ఎవరో ఎర్ర సిరాతో మా వీధి పేరు రాశారు. పంపింది పెద్దాసుపత్రి. నా చేతులకి పిండి ఉందని మీ బావని చదవమన్నాను. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని, తలుపు కొలతలు చదివినట్టు గట్టిగా చదివాడు. “మీ భర్త గారు పక్షవాతంతో మా వార్డులో ఉన్నారు. మాట పోయింది. కాళ్ళూ చేతులూ కదలడం లేదు. చట్టరీత్యా భార్య అయిన మీరు వెంటనే వచ్చి...” అంతవరకు చదివి ఆగి, తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. “నా చేతులు బాగానే ఉన్నాయే” అన్నాడు. పాప పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆయన కింద ఉన్న పేరు చదివాడు.

బోర్డులు రాసే ఆయన పేరు. నన్ను వదిలేసి ఆ ఇస్త్రీ ఆడమనిషితో వెళ్ళిపోయిన పదహారేళ్ళకి ఆయన నాకు భర్తగా తిరిగొచ్చాడు, అదీ పోస్టులో.

మీ బావే, “ఎవడో గుమాస్తా పాత రికార్డు చూసి రాసుంటాడులే, నీ కాగితం పట్టుకెళ్ళి చూపించు” అన్నాడు. నిజమే. పద్నాలుగేళ్ళ కిందట మా పెళ్ళికి ముందు నువ్వే స్వయంగా తెచ్చిచ్చిన విడాకుల కాగితం ట్రంకు పెట్టెలో ఉంది. ముద్ర ఇంకా చెక్కుచెదరలేదు. శనివారం సెలవు పెట్టి వెళ్తున్నాను.

ఫోను చెయ్యొచ్చు. చేస్తే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, విషయం ఎవరికీ తెలియదు. అమ్మ అందుకే మనిద్దరికీ ఉత్తరాలు అలవాటు చేసింది.

నీ అక్క

*

కోర్టు నకళ్ళ గది నుంచి,
శుక్రవారం.

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నువ్వు శనివారం వెళ్ళేలోపు ఇది అందదని తెలిసినా రాస్తున్నాను. వెళ్ళకు. అలాంటి ఉత్తరాలకి మనుషులు జవాబు ఇవ్వకపోతే వాళ్ళే ఊరుకుంటారు. రోజూ ఎన్ని చూస్తాను నేను. ఒక ఆయనకి చనిపోయిన ఏడేళ్ళకి ఇంటిపన్ను నోటీసు వెళ్ళింది, కొడుకు దాన్ని పటం కట్టించి గోడకి పెట్టుకున్నాడు.

ఇక్కడ ఎండలు. నకళ్ళ గదిలో కొత్త ఫ్యాను వేశారు, కాగితాలన్నీ ఎగురుతున్నాయి, అందరం వాటి మీద రాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. పెద్ద గుమాస్తా గారు తన కట్ట మీద టిఫిన్ డబ్బా పెట్టుకున్నారు. పాపకి లెక్కల్లో మార్కులు ఎలా వచ్చాయో రాయలేదు. బావ కొత్త షెడ్డు పని అయిందా?

ఆ కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వకు. పాతది కదా, మడతల దగ్గర చిరిగిపోతుంది. కావలిస్తే నేనే చూసి చెబుతాను. తొందరపడకు అక్కా.

చెల్లి

*

ఆసుపత్రి ఎదురుగా, బస్టాండు బల్ల మీద నుంచి,
శనివారం.

చెల్లీ,

బస్సుకి ఇంకా గంట ఉంది. ఒళ్ళో సంచీ పెట్టుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే చదువుకో.

రికార్డుల కిటికీ దగ్గర కళ్ళజోడు తాడుతో మెడకి వేలాడేసుకున్న ఒకావిడ ఉంది. మర్యాదస్తురాలే. నా కాగితం తీసుకుని, పైన ఉన్న నంబరు చూసి, మీ కోర్టుకే ఫోను చేసింది. చాలాసేపు ఊ, ఊ అంది. ఫోను పెట్టేసి, “అమ్మా, ఈ నంబరు మీద ఇద్దరు అన్నదమ్ముల గోడ తగాదా ఉందిట. మీ విడాకులు ఎక్కడా లేవు” అంది.

కిటికీ చువ్వ పట్టుకున్నాను. ఆవిడే లోపలికి పిలిచి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. “సరైన కాగితం తెచ్చేదాకా మాకు మీరే భార్య” అని ఒక ఫారం ముందు పెట్టింది. ముందు పేజీలో హక్కులు, వెనక పేజీలో బాధ్యతలు. వైద్యం సంగతి నిర్ణయించే హక్కు నాది. ఆయన సామాను మీద హక్కు నాది. ఆయన్ని చూడ్డానికి ఎవరు రావాలో ఎవరు రాకూడదో చెప్పే హక్కు నాది. ముందు పేజీ కింద సంతకం పెట్టాను. “వెనక కూడా చదవండమ్మా” అంది. తర్వాత చదువుతానన్నాను.

ఎందుకు పెట్టానంటావా? ఒప్పుకోకపోతే నన్ను లోపలికి రానివ్వరట, అందుకని అనుకున్నాను. అది నిజం కాదు. నీ దగ్గర దాపరికం ఎందుకు. ఆ కిటికీ దగ్గరికి రాకముందే వార్డు తలుపు అద్దంలోంచి లోపలికి చూశాను. నాకు తెలిసిన మనిషి నిచ్చెనెక్కి, ఒక చేత్తో రంగు డబ్బా, ఒక చేత్తో కుంచె పట్టుకుని, సినిమా హాలంత అక్షరాలు రాసేవాడు. ఆ మంచం మీద దుప్పటి కింద ఏమీ లేనట్టు ఉంది. పక్కన స్టూలు మీద ఆమె. మోచేతి దాకా ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. చెంచాతో నీళ్ళు పడుతూ ఆయనతో ఏదో చెబుతోంది, మామూలుగా, ఇంట్లో చెప్పుకున్నట్టు.

సంతకం పెట్టించింది ఆ పదహారేళ్ళ కిందటి మంటే. పెట్టాక వచ్చిపోయేవాళ్ళ పట్టీ అడిగాను. అందులో పేరు, సంబంధం, వేళ అని మూడు గడులు. ఆమె పేరు పక్కన సంబంధం గడి ఖాళీగా ఉంది. “ఈవిడ చట్టప్రకారం ఎవరూ కాదు కదా” అన్నాను. “కాదమ్మా, ఇన్నాళ్ళు ఎవరూ లేరని ఒప్పుకున్నాం” అంది. “ఇప్పుడు నేనున్నాను” అని ఆమె పేరు మీద గీత కొట్టాను. కళ్ళజోడావిడ, “ఆలోచించుకోండి, ఒకసారి కొట్టేశాక మళ్ళీ ఎక్కించాలంటే రోగికో మీకో బంధువై ఉండాలి” అంది. నేను పెన్ను మూత పెట్టేశాను.

నా చేతిలో అంత బలం ఎప్పుడూ లేదు చెల్లీ. ఒక్క గీత. ఆమె కాసేపు గేటు దగ్గర నిలబడి వెళ్ళిపోయింది.

మీ కోర్టువాళ్ళు నంబరు తప్పు వేశారు. వెంటనే సరిచేయించు.

అక్క

*

నకళ్ళ గది నుంచి,
గురువారం.

అక్కా,

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను.

ఆమె పేరు మళ్ళీ ఎక్కించు. ఎలాగైనా ఎక్కించు. ఎందుకని అడగకు. నువ్వు అలాంటి మనిషివి కావు. ఆవిడ తప్పేం ఉందని, అంటే మొదట్లో ఉందేమో, ఇప్పుడు కాదు.

రిజిస్టర్లు అట్టలు వేయించడానికి పంపారు, రావడానికి నెల పడుతుంది, వచ్చాక నంబరు చూస్తాను. పెద్ద గుమాస్తా గారిని ఊరికే అడిగినట్టు అడిగాను, ఒక మనిషికి హక్కు ఉండి బాధ్యత లేకుండా ఉంటుందా అని. ఆయన డబ్బా మూత తీస్తూ, “ఎక్కడైనా ఒకరి చేతిలో హక్కు కనబడితే, అది ఎవరి నెత్తిన బరువై కూర్చుందో వెతుకు. కాగితం మీద ఒకళ్ళ నెత్తి ఉంటుంది, మోసేది ఇంకొకళ్ళు” అన్నారు.

ఆమెని ఆపకు అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

చెల్లి

*

ఇంటి నుంచి, వసారాలో కూర్చుని,
ఆదివారం.

చెల్లీ,

నువ్వు తేలు కుట్టిన దొంగలా ఉన్నావు. ఏదో ఉంది. కాని ముందు నా సంగతి వినాలి, ఇది ఇంకెవరికీ చెప్పలేను.

నిన్న రెండోసారి వెళ్ళాను. మొదటిసారి వెళ్ళి మూడు వారాలు. నేను లోపలికి వెళ్ళేసరికి నర్సు ఆయన్ని పక్కకి తిప్పి ఉంది. నడుము కింద, నా అరచేయంత పుండు. మడమ మీద ఇంకొకటి. “ఇదేంటి” అన్నాను. నర్సు నా వైపు చూడకుండానే, “ఆవిడ రోజూ పని అయ్యాక వచ్చి రాత్రి వెళ్ళేదాకా రెండు గంటలకోసారి ఆయన్ని అటూ ఇటూ తిప్పి పక్క మార్చేది. పొద్దున్న పనికి వెళ్ళేముందు ఒకసారి వచ్చేది. ఎనిమిది నెలలు ఒక్క పుండు లేదు. మేం ఇద్దరం నలభై మందికి. ఆవిణ్ణి ఎవరో మాన్పించారు” అంది. ఎవరో ఆమెకి తెలియదు. నేను చెప్పలేదు.

బయటికొచ్చి సంచీలోంచి ఫారం తీశాను. మొదటిసారి వెనక్కి తిప్పాను. వెనక పేజీలో మొదటి వాక్యమే అది: రోగి పక్క మార్చడం, పరిశుభ్రత, ఆహారం భార్య బాధ్యత, లేదా ఆమె నియమించిన మనిషి బాధ్యత. నేను ముందు పేజీ తీసుకుని వెనక పేజీని గేటు బయటికి తోసేశానన్నమాట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అక్కడే కూర్చుని సాయంత్రం దాకా ఆయన పక్క మార్చాను. ఎంత బరువో తెలుసా, కదలలేని మనిషి. కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. నన్ను దాటి తలుపు వైపే చూస్తున్నాడు.

ఇవాళ పొద్దున్న మీ బావ చిత్రిక పడుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. చెబుతూ చెబుతూ నన్ను నేనే సమర్థించుకోవడం మొదలుపెట్టాను. “పుండు సంగతి సరే, కాని ఆవిడ చట్టప్రకారం ఎవరూ కాదు కదా” అన్నాను. మూడోసారి అన్నాననుకుంటా. ఆయన చిత్రిక పక్కన పెట్టాడు. ఒంటి మీద పొట్టు దులుపుకున్నాడు. ఆయన కోపంగా మాట్లాడడు, నీకు తెలుసు కదా.

“అయితే మరి నేనెవర్ని?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ ఆయనే అన్నాడు. “ఆయనకి నువ్వు భార్యవైతే, నీకు నేనేమవుతాను? రేపు నువ్వు మంచాన పడితే నన్నూ గేటు దగ్గర ఆపేస్తారు. ఆ బోర్డులాయన లేచొచ్చి సంతకం పెట్టాలి, నేను నీకు నీళ్ళు పట్టడానికి.”

ఇంతకాలం ఆయన చెక్కిన తలుపులు ఈ వీధి నిండా ఉన్నాయి చెల్లీ. మా సొంత ఇంటికి తలుపు లేదని ఇవాళ తెలిసింది. ఆయన మళ్ళీ చిత్రిక తీసుకున్నాడు కాని పని చెయ్యలేదు, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

నంబరు తప్పా, ఇంకేదైనా తప్పా? నిజం రాయి.

అక్క

*

నా గది నుంచి,
మంగళవారం.

అక్కా,

నంబరు తప్పు కాదు. కాగితమే తప్పు. అది కోర్టు ఇచ్చింది కాదు, నేను టైపు చేసింది.

పదహారేళ్ళ కిందట మీరిద్దరూ సంతకాలు చేసిన అర్జీ నువ్వు నా చేతికిచ్చావు. అందరూ కిటికీలో ఇచ్చి రసీదు తీసుకుంటారు. నువ్వు, “మన చెల్లే కోర్టులో ఉండగా మనకి కిటికీ ఎందుకు” అన్నావు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. చాలా గర్వపడ్డాను.

దాన్ని మర్నాడే జడ్జి గారి బల్ల మీద పెట్టాలి. పెట్టలేదు. నీ ఉత్తరాలు గుర్తున్నాయా? సంతకం పెట్టిన వారం నుంచీ ప్రతి ఉత్తరం చివర, ఆయన అటువైపు కనబడ్డాడా, నా సంగతి ఏమైనా అడిగాడా అని రాసేదానివి. అక్క మనసు మారుతుంది, ఇంకో నెల చూద్దాం అనుకుని సొరుగులో పెట్టాను. నెల రెండైంది. ఆ సంతకాలు ఏడాదిలోపే చెల్లుతాయి. ఒకరోజు కట్టలు సర్దుతుంటే చూసుకున్నాను, గడువు దాటి పదకొండు రోజులైంది.

చెబుదామనుకున్నాను. చెబితే ఉద్యోగం పోతుంది. అప్పటికి అమ్మ మందులు నా జీతం మీదే నడుస్తున్నాయి. ఇది సాకు అని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను. తర్వాత నువ్వు బావ గురించి రాశావు, పెళ్ళికి కాగితం కావాలన్నావు. ఆ ఉత్తరంలో నువ్వు ఎంత సంతోషంగా ఉన్నావో. ఖాళీ ఫారం తీసుకుని, పాత గోడ తగాదా నంబరు వేసి, భోజనాల వేళ ముద్ర కొట్టాను. ఒక్కసారి కొట్టాను. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నువ్వూ బావా చేసుకున్న పెళ్ళి చట్టం దృష్టిలో లేదు. అది నా వల్ల. పాపని ఎత్తుకున్న ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తొచ్చేది, అందుకే తనకి అన్ని గౌన్లు కొనేదాన్ని. నువ్వేమో పిన్ని గారాబం అని నవ్వేదానివి.

అసలు అర్జీ నా దగ్గరే ఉంది. చించలేకపోయాను.

చెల్లి

*

ఇంటి నుంచి.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు.

మీ బావకి చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్ళి పాప పుస్తకాల బీరువా తలుపు బిగించాడు. అది వదులుగా కూడా లేదు.

ముందు వెళ్ళి మీ పై అధికారికి చెప్పు. చెప్పేదాకా నాకు రాయకు.

*

ఇంట్లోంచి (ఇప్పుడు పగలంతా ఇంట్లోనే ఉంటున్నాను),
సోమవారం.

అక్కా,

చెప్పాను. పెద్ద గుమాస్తా గారు మొదట నేను జ్వరంలో మాట్లాడుతున్నానని అనుకున్నారు. తర్వాత అర్జీ చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయి, “ఇరవై రెండేళ్ళ పిల్ల చేతిలో ముద్ర పెట్టి భోజనానికి వెళ్ళింది నేనే కదా” అన్నారు. ఆయన మీద కూడా విచారణ వస్తుందేమో. నన్ను పనిలోంచి ఆపేశారు. శిక్ష ఏమిటన్నది తర్వాత తేలుస్తారు. దాని గురించి నువ్వు ఆలోచించకు.

నీ సంగతి వేరే చూస్తున్నారు. పాత సంతకాలు చెల్లవు కాని, జడ్జి గారు స్వయంగా వార్డుకి వచ్చి ఇద్దర్నీ మళ్ళీ అడుగుతానన్నారు. ఇద్దరూ ఇష్టమే అంటే ఆ రోజు నుంచే విడాకులు. నువ్వూ బావా మర్నాడే పెళ్ళి నమోదు చేయించుకోవచ్చు. వచ్చే గురువారం, పదకొండు గంటలకి.

చిక్కల్లా ఒకటే. ఆయనకి మాట లేదు, కళ్ళతో చెబుతాడు. ఆ కళ్ళ భాష ఆసుపత్రిలో ఎవరికీ రాదుట. ఆ భాష వచ్చిన మనిషి ఒక్కతే, నువ్వు పేరు కొట్టేసిన ఆవిడ. జడ్జి గారు ఆ పూట మటుకు ఆమెని లోపలికి రానిమ్మని రాసిచ్చారు. కాని రమ్మని అడగాల్సింది నువ్వు.

చెల్లి

*

ఆసుపత్రి వరండా నుంచి,
గురువారం, మధ్యాహ్నం.

చెల్లీ,

ఇంటికి వెళ్ళాక రాద్దామనుకున్నాను. అందాకా ఆగేటట్టు లేదు.

మంగళవారం ఆమె పనిచేసే చోటికి వెళ్ళాను. పెద్ద హోటలు వెనక బట్టలుతికే గది. ఆవిరిలో ఎదుటి మనిషి ముఖం కనబడదు. పక్క గుడ్డలు ఇస్త్రీ చేస్తోంది. నేనెవరో చెప్పాల్సిన పని పడలేదు. ఆమె అడిగిన మొదటి మాట, “పక్క మారుస్తున్నారా?” అని. మారుస్తున్నారు, పుండు మానుతోంది అన్నాను. “పుండా” అంది. ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయింది, గుడ్డ కాలిన వాసన వచ్చింది. నేనే పెట్టె ఎత్తి పక్కన పెట్టాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. గురువారం సంగతి చెప్పాను. వస్తానంది.

ఇవాళ మీ బావ కూడా వచ్చాడు. మంచం మీద ఆయన పక్కకి జారిపోకుండా నడుము దగ్గర ఆనించడానికి ఒక చెక్క చేశాడు, అంచులన్నీ నునుపు పట్టించి, గుడ్డ చుట్టి. గేటు దగ్గర, “రోగికి ఏమవుతారు?” అని అడిగారు. “ఏమీ కాను, చెక్క పని నాది” అన్నాడు. చెక్కని లోపలికి రానిచ్చారు, ఆయన్ని రానివ్వలేదు. ఇప్పటికీ చెట్టు కింద నిలబడి ఉన్నాడు, ఇక్కడికి కనబడుతున్నాడు.

జడ్జి గారు వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆమె తలవైపు నిలబడి చెప్పింది, ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు, కళ్ళు పైకి పెడితే మళ్ళీ అడగమని. జడ్జి గారు ముందు ఊరికే పరీక్షించారు. నువ్వు లాయరువా అంటే రెండుసార్లు. బోర్డులు రాస్తావా అంటే ఒకసారి. నన్ను అడిగారు, నేను ఇష్టమే అన్నాను. తర్వాత ఆయన్ని అడిగారు: “ఈమెతో విడాకులు మీకు ఇష్టమేనా?”

ఆయన నా వంక చూశాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి. రెప్పలు పడ్డాయి. రెండుసార్లు.

ఆ గదిలో అందరికన్నా ముందు అర్థమైంది ఆమెకే. ఆమె అవునని చెబితే అక్కడ పట్టుకునేవాళ్ళెవరు? గాలికి కళ్ళు ఆర్పాడని చెప్పినా చెల్లేది. నాకు స్వేచ్ఛ, ఆమెకి స్వేచ్ఛ, కావాలంటే రేపే ఆమె ఆయనకి భార్య. నేను లోపల మొక్కుకున్నాను, అబద్ధం చెప్పమని. ఆమె గొంతు సవరించుకుని, “వద్దంటున్నారండీ” అంది.

జడ్జి గారు రాయడం ఆపారు. “ఇందులో నష్టం నీకేనని తెలుస్తోందా?” అని అడిగారు.

“తెలుసండీ. ఆయన నోరుగా పిలిచారు, నా నోరుగా పిలవలేదు కదా” అంది.

మూడు నెలల తర్వాత మళ్ళీ అడగొచ్చు అని రాసుకుని జడ్జి గారు వెళ్ళిపోయారు. మూడు నెలలన్న మాట విని మంచం అటుపక్కనున్న డాక్టరు కిందికి చూశాడు.

తర్వాత ఇద్దరం వరండాలో ఈ బల్ల మీదే కూర్చున్నాం. ఎందుకు వద్దన్నాడని అడిగాను. ఆమె చెప్పింది. నువ్వు రాసిన ఒప్పుకోలులో ఒక ముక్క లేదు చెల్లీ. ఆయన కాగితం కోసం మీ కిటికీ దగ్గరికి రెండుసార్లు వచ్చాడట. రెండుసార్లూ కిటికీలో ఉన్న పిల్ల, “అక్క మనసు మార్చుకుంది, వదలనంటోంది” అని పంపేసిందట. ఆ పిల్లవి నువ్వు. అప్పట్నించి ఆయన ఈమెతో, “తప్పు చేసింది నేను. ఆవిడ పట్టుకుని ఉన్నంత కాలం వదిలెయ్యమని నేను అడగకూడదు” అనేవాడట. పదహారేళ్ళు ఈమెని పెళ్ళి చేసుకోకుండా కూర్చున్నాడు. నేను పట్టుకుని ఉన్నానని. నేను ఇక్కడ పెళ్ళి చేసుకుని, పిల్లని కని, ఆయన పేరు కూడా మర్చిపోయి కాజాలు కుట్టుకుంటున్నాను.

లోపలికి వెళ్ళి ఆయన చెవి దగ్గర నిజం అంతా చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను. కళ్ళు పైకి పెట్టాడు, మళ్ళీ చెప్పమని. మళ్ళీ చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు. చెంప మీదికి జారినదాన్ని తుడవబోయి ఆగాను. ఆ పని చేసే మనిషి బయట కూర్చుని ఉంది.

కళ్ళజోడావిడ దగ్గరికి వెళ్ళి నా హక్కులన్నీ ఆమె పేరు మీద రాసిచ్చేస్తానన్నాను. “హక్కు కావాలంటే వదులుకోండి. బాధ్యత మటుకు రాసివ్వడం కుదరదమ్మా, అది మీ పేరు మీదే ఉంటుంది” అంది. సరే, ఉంచండి అన్నాను. ఆ ఫారం తిప్పి వెనక పేజీ కింద సంతకం పెట్టాను. తర్వాత పట్టీ అడిగాను. ఆమె పేరు మళ్ళీ రాశాను. సంబంధం గడి ఖాళీగా ఉంటే చెల్లదు, రోగికో నాకో బంధువై ఉండాలి. ‘నా చెల్లెలు’ అని రాశాను.

కళ్ళజోడావిడ ఆ మాట చదివింది, నా ముఖం చూసింది, ముద్ర కొట్టింది.

చట్టం కాగితం మీద నేను అబద్ధం రాయడం ఇదే మొదలు. ఒక్క అక్షరం వంకరపోలేదు. అప్పుడు తెలిసింది, ఎంత తేలికో. నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు. మీ బావకి నేనేమవుతానో మూడు నెలలదాకా ఎవరూ చెప్పలేరు. ఇందాక ఆ మాటే వెళ్ళి చెబితే, “పొద్దున్న నుంచి ఏమీ తినలేదు కదా” అని పొట్లం విప్పాడు.

ఆదివారం ఆమెకి పని ఉంది, నాకూ ఉంది. పక్క మార్చడానికి ఒక మనిషి కావాలి. నీకు ఇప్పుడు ఖాళీయే కదా. పొద్దున్నే మొదటి బస్సుకి రా. రెండు గంటలకోసారి మార్చాలి, మడమ కింద మెత్త పెట్టడం మర్చిపోకు. గేటు దగ్గర, రోగి భార్యకి ఏమవుతారు అని అడుగుతారు. నిజం చెప్పు. పట్టీలో ఆ మాట ఒకసారి ఉంది, ఇంకోసారి రాయడానికి చోటుంది.

అక్క